సీసా మీది చుక్క

"ఈవేళ మీరు బయటే కూర్చోవాలండి అమ్మగారూ. ఆయన్నొక్కరినే తీసుకురమ్మన్నారండి డాక్టరుగారు" అని ఆ నర్సు పిల్ల సత్యశ్రీ తలుపు మూసిన దగ్గర్నించీ శారదాంబ చూపు ఆ తలుపు మీదే ఉంది. కిందటిసారి లేని నియమం ఈసారి ఎక్కణ్ణించి వచ్చింది? మూడు నెలల కిందట ఇదే అమలాపురం ఆసుపత్రిలో, ఇదే గదిలో, ఆయన పక్కన తనకీ కుర్చీ వేశారు, మంచినీళ్ళిచ్చారు, సంతకం పెట్టేదాకా అమ్మగారూ అమ్మగారూ అని తిరిగారు. సంతకం అయిపోయింది గనక ఇప్పుడు అమ్మగారికి వరండాలో ఇనప బల్ల చాలు కాబోలు. ఒళ్ళో సంచీ, సంచీలో కవరు, కవర్లో మూడు ఖాళీ సీసాలు. మందు ముక్కులోకి పోయాక ఖాళీ సీసాలు వీళ్ళకెందుకు? తేవడం మాత్రం మరిచిపోకండి అని ఆ పిల్ల ఫోనులో రెండుసార్లు చెప్పింది. రెండుసార్లు చెప్పిన మాటలో ఏదో ఉంటుందని శారదాంబ నమ్మకం. పాలు చిక్కగా ఉన్నాయండి అని అడక్కుండా చెప్పేవాడి పాలలోనే నీళ్ళుంటాయి. యాభై ఏళ్ళ కాపురంలో వేలు ముంచి చూడకుండా పాలు పోయించుకున్న రోజు లేదు, చెవి దగ్గర ఊపి చూడకుండా కొబ్బరికాయ కొన్నదీ లేదు. అనుమానం పెనుభూతం శారదా అని ఆయన వేళాకోళం చేసేవారు. ఆ పెనుభూతమే మీ ఇంటికి కాపలా కాస్తోంది లెండి అనేది ఆమె. ఇప్పుడాయన వేళాకోళం చెయ్యరు. కిందటి నెల్లో ఒక పొద్దున్న కాఫీ ఇస్తే గ్లాసు రెండు చేతులా అందుకుని, చుట్టపుచూపుగా వచ్చిన పెద్దావిడతో మాట్లాడినట్టు, ఎవరి తాలూకమ్మా మీరు అని అడిగారు. ఎంతో మర్యాదగా అడిగారు.

లోపల ఏమడుగుతున్నారో. కిందటిసారి పక్కనే ఉంది గనక చూసింది. ఆ డాక్టరు సురేంద్ర, రాజోలు వాడట, నలభై ఏళ్ళుంటాయేమో, గొడుగు, నిమ్మకాయ, రైలు, పీట, చిలక అని ఐదు మాటలు చెప్పి, కాసేపాగి అడుగుతాను పంతులుగారూ, గుర్తుపెట్టుకోండి అన్నాడు. సుబ్రహ్మణ్య అవధానులుగారికా గుర్తుపెట్టుకోవడం నేర్పేది? ఎనిమిదో ఏట వేదానికి కూర్చుని ఇరవై ఏళ్ళు ఆ ఒక్క పనే చేసిన మనిషి. ఆయన కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ అడగ్గానే చెయ్యి పైకీ కిందకీ ఆడిస్తూ, గొడుగు నిమ్మకాయ, నిమ్మకాయ రైలు, రైలు పీట, పీట చిలక అని, వేదంలో పదాన్ని పదంతో ముడేసి చెప్పే క్రమం లాగా స్వరం పెట్టి మరీ చెప్పేశారు. డాక్టరు తెల్లబోయి, నవ్వి, కాగితం మీద ఐదుకి ఐదు వేశాడు. ఆటో ఊరి పొలిమేర దాటకముందే ఆయన, మనం ఎక్కడికెళ్ళి వస్తున్నాం అని అడిగారు. అదీ వాళ్ళ పరీక్ష. ఆ ఐదు మార్కులు మనిషివి కావు, అలవాటువి, ఆ సంగతి వాళ్ళకి తెలీదా, తెలిసే వేసుకున్నారా? మందు పనిచేస్తోందని రాసుకోవాలంటే మార్కులు కావాలి కదా. ఆయనకి అసలు తేడా వచ్చిందని ఆమెకి తెలిసింది మార్కుల్లో కాదు. పోయినేడు చైత్రంలో ఒక గృహప్రవేశంలో వేదంలోని ఒక పనస చెబుతూ, ఒకే తీరు మాట వచ్చిన చోట ఆయన ఇంకో పనసలోకి జారిపోయారు. అలా జారడం చదువుకున్నవాళ్ళకి వింత కాదు, పక్కవాళ్ళు ఒక పదం అందిస్తే దారిలో పడతారు. శిష్యుడు సాయిచరణ్ అందించాడు. పడ్డారు. మళ్ళీ ఆ మాట దగ్గరికి వచ్చి మళ్ళీ జారారు. మూడుసార్లు, గానుగెద్దులా, అదే చుట్టు. చుట్టూ ఉన్న పండితులు తలలు దించుకున్నారు. వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న శారదాంబకి వేదం అర్థం తెలీదు గానీ, ఆ గొంతు ఏ మలుపులో ఎటు తిరుగుతుందో తెలుసు. ఆవేళే తెలిసింది.

ఈ మందు సంగతి కనిపెట్టింది కూతురు దుర్గాశ్రీ. కొత్తపేటలో కాలేజీ పిల్లలకి రసాయనశాస్త్రం చెబుతుంది. ఇది పోతే ఇంక దారి లేదమ్మా, ఉన్నవన్నీ వాడేశాం అంది. ఆ ఒక్క మాట మీదే ఆమె వచ్చింది, డాక్టరు మాట మీద కాదు. డాక్టరు బాగానే చెప్పాడు. మెదడుకి గట్టి కాపలా ఉంటుందట, నెత్తురులో తిరిగే ప్రతిదాన్నీ లోపలికి రానివ్వదట. ఈ మందు పేరు పెప్టైడట, మాత్రగా మింగితే కడుపులో అరిగిపోతుంది, సూదేస్తే కాపలా దగ్గర ఆగిపోతుంది, అందుకని ముక్కు దారిట. వాసన తెలిసే నరాలు ముక్కు పైనించి తిన్నగా మెదడుకే పోతాయట. మందుని కొవ్వు గుళికల్లో చుట్టి పంపుతారట, నానో గుళికలు, వెంట్రుక మందంలో ఎనిమిది వందలు పక్కపక్కన పడతాయట. మాంసకృత్తుల జాతిది అనగానే ఆమె లేచి నిలబడింది. మాంసమా నాయనా? కాదండి, కందిపప్పులో ఉండేదీ అదే కదండి, దీన్ని ఏ జంతువునించీ తియ్యలేదు, ప్రయోగశాలలో చేసేరు అన్నాడు. సరే, కంటికి కనపడనిది అందులో ఉందని నేనెలా నమ్మడం అంటే, దేవుడు కనపడకపోయినా నమ్ముతారు కదండి అన్నాడు నవ్వుతూ. దేవుడు నాచేత సంతకం పెట్టించుకోలేదు నాయనా అంది. డాక్టరు మళ్ళీ నవ్వలేదు.

సంతకం పెట్టిన కాగితంలో ఉన్న మాట ఇది. ఇంకా పరీక్షలో ఉన్న మందు గనక సగంమందికి మందిస్తారు, సగంమందికి మందు లేని ఉత్త నీళ్ళిస్తారు, రెండు సీసాలూ ఒకేలా ఉంటాయి, ఎవరికి ఏది వెళ్ళిందో పరీక్ష ముగిసేదాకా మాకూ తెలీదండి అంటాడు డాక్టరు. తెలీదట. వడ్డించేవాడికి తెలియకుండా వడ్డన ఎక్కడైనా జరుగుతుందా? వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫరవాలేదంటారు, మరి ఇక్కడ తనకి మనవాడెవడు? ఆ సత్యశ్రీ మలికిపురం పిల్ల. ఆవేళ సీసాలు చేతికిస్తూ, ఈ మందు ఎలాంటిదంటేనండీ అని ఏదో మొదలెట్టి, ఆయన నుదుటి విభూతి కేసి ఒకసారి, డాక్టరు కేసి ఒకసారి చూసి, నాలిక కరుచుకుని, ఫ్రిజ్‌లో పెట్టుకోండి అమ్మగారూ చాలు అంది. ఏమిటా మింగేసిన మాట? మూడు నెలలుగా ఆ మాట శారదాంబ గొంతులో చేపముల్లులా, ఛ, ఆ పోలిక ఎందుకొచ్చిందంటే పక్కనించి వస్తున్న వాసన వల్ల. బల్లకి ఆ చివర కాట్రేనికోన జ్ఞానమ్మ కూర్చుంది, కాళ్ళ దగ్గర తెల్లటి ఐసుపెట్టె. చేపలు తెచ్చుకునే పెట్టె అది, ఎంత కడిగినా చెబుతూనే ఉంటుంది. ఆ పెట్టెలో మందు సీసాలు తెచ్చింది ఆవిడ. ఆవిడ మొగుడు మోషేకీ ఇదే జబ్బు, ఇదే మందు, ఒకేరోజు చేరారు. పడవ ఇంజన్లు బాగుచేసేవాడట. లోపలికెళ్ళి పరీక్ష ముగించుకుని వచ్చి, భార్య పక్కన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఇందాకా శారదాంబని చూడగానే లేచి నిలబడి, "కొత్తపేట అమ్మగారు కదండీ, పంతులుగారు కులాసానాండీ" అన్నాడు. మూడు నెలల కిందట ఒక్క పూట చూసిన మనిషిని గుర్తుపట్టాడు. తన మొగుడు యాభై ఏళ్ళు చూసిన మనిషిని ఎవరమ్మా అంటున్నాడు. ఇంక ఎవరు ఎవరికి చెప్పాలి, మందు ఎవరికి వెళ్ళిందో, నీళ్ళు ఎవరికి వెళ్ళాయో. జ్ఞానమ్మ ఆశా కార్యకర్తగా పదిహేనేళ్ళు చేసి మానేసిన మనిషి, ఇక్కడి నర్సులందరూ అక్కా అక్కా అంటారు. వడ్డించేవాళ్ళు ఎవరివాళ్ళో తెలిసిపోలేదూ?

ఊరికే అనుకోవడం కాదు, ఆమె దగ్గర రుజువుంది. సీసా కాగితం మీద ఒక మూల వంకాయరంగు గుండ్రం, అందులో తెల్లటి చదరపు చుక్క. మొదటి సీసా ఇచ్చిననాడు చుక్క పాలలా తెల్లగా ఉంది. పది రోజులకి మాసింది. నెలాఖరుకి గుండ్రమూ చుక్కా ఒకే రంగు. రెండో సీసా అంతే, మూడోదీ అంతే. ఇందాకా జ్ఞానమ్మ పెట్టె మూత తీసినప్పుడు ఆమె మెడ చాచి మరీ చూసింది. ఆ మూడు సీసాల మీదా చుక్కలు ఇంకా తెల్లగానే ఉన్నాయి. ఒకేలా ఉంటాయన్న సీసాల మీద గుర్తు ఎందుకు? తెలుపైతే మందు, నలుపైతే నీళ్ళు. ఇదీ వీళ్ళ రహస్యం, ఇంటి దగ్గరే వచ్చిన అనుమానం ఇప్పుడు రుజువైంది. సంచీలోని సీసాలు పైకి తీసి, సత్యశ్రీ బయటికి రాగానే ముఖాన పెట్టి అడగాలని నాలుగు రోజులుగా మాటలు కూర్చుకుంటోంది. ఆయన మడికట్టుకుని చెప్పిన వేదం, ఇరవై ఏళ్ళ కంఠస్థం, ఒక్కొక్క పనసే రాలిపోతుంటే, మీరు ముక్కులో నీళ్ళు కొట్టి మార్కులు వేసుకుంటున్నారా అమ్మాయ్ అని.

నీళ్ళో మందో, వెయ్యడంలో మాత్రం ఆమె లోటు చెయ్యలేదు. అది తనకి పుట్టింటినించి వచ్చిన విద్య. నాన్నగారు రాజోలు తాలూకాలో పేరున్న వైద్యులు. తలనొప్పికీ పీనసకీ ముక్కులో తైలం వేసేవారు, నస్యం. తైలం గిన్నెని వేణ్ణీళ్ళలో నిలబెట్టి వెచ్చబెట్టడం ఎనిమిదేళ్ళ శారదాంబ పని. చల్లటిది ముక్కులో పడకూడదమ్మడూ, కఫం గడ్డకడుతుంది, లోపలి దారి మూసుకుపోతుంది అనేవారు నాన్నగారు. మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని చూసి, హాయిగా ఉంటేనే రోగికివ్వాలి. ఆ చెయ్యి ఇప్పటికీ మరిచిపోలేదు. తెల్లారగట్ల ఫ్రిజ్‌లోంచి సీసా తీస్తే చేతికి మంచుముక్కలా తగిలేది. దాన్ని పొగలు కక్కే నీళ్ళున్న చెంబులో నిలబెట్టేది, ఆయన స్నానం చేసి సంధ్య వార్చుకుని వచ్చేదాకా. వచ్చి చాప మీద పడుకుని ఆమె ఒళ్ళో తల పెట్టుకునేవారు. ఎవరి ఒళ్ళో తెలిసి పెట్టుకున్నారో తెలియక పెట్టుకున్నారో గానీ, కళ్ళు మూసుకుని ముక్కు పైకెత్తేవారు. రెండువైపులా రెండేసిసార్లు నొక్కేది. వెచ్చగా ఉంది అనేవారు. తొంభై రోజులూ, ఒక్కరోజు తప్పకుండా, ఆ ఒక్కమాట. కాఫీ మరిచిపోయారు, కూతురి పేరు మరిచిపోయారు, పూజగదికి దారి మరిచిపోయి పెరట్లో నిలబడ్డారు. వెచ్చగా ఉంది అనడం మరిచిపోలేదు. ఆ పావుగంట కోసమే ఆమెకి తెల్లారేది.

"అమ్మగారండీ, మీ సీసాలు ఐసులో తేలేదాండీ?" అంది జ్ఞానమ్మ, సంచీలోకి చూస్తూ. ఖాళీవాటికి ఐసెందుకు అంది శారదాంబ, సంచీ మూతి బిగించి. "ఖాళీవైనా సరేనండి, నాకు అలవాటైపోయిందండి. చేప తెచ్చినా మందు తెచ్చినా చలవ తప్పకూడదండి మాకు. ఒక్క పూట తప్పితే చేప చెప్పేస్తది, మందు చెప్పదు కదండీ. అందుకే పాపం చుక్క పెట్టేరు." శారదాంబ చెయ్యి సంచీ మీద ఆగిపోయింది. ఏం చుక్క అని అడిగింది, ఏమీ తెలియనట్టు. "అదేనండి, ఈ చుక్క" అని ఆవిడ ఒక సీసా పైకి తీసి చూపించింది, నీళ్ళోడుతోంది. "పోలియో చుక్కల సీసాల మీదా ఇదే ఉంటదండి, పదిహేనేళ్ళు ఇదే చూసేను కదండీ. వేడి తగిలిన కొద్దీ లోపలి చదరం నల్లబడుద్దండి. గుండ్రం రంగూ చదరం రంగూ ఒకటైపోతే ఇంక సీసా పారెయ్యడమేనండి, లోపల మందు చచ్చిపోయినట్టు. ఈ మందు మరీ సుకుమారవంటండి. సత్యశ్రీ చెప్పింది కదా ఆవేళ, కోడిగుడ్డు సొన ఉడికితే మళ్ళీ సొన అవుద్దా, ఇదీ అంతేనని. మీకు చెప్పలేదాండీ?"

చెప్పలేదు. మింగేసింది. పంతులుగారి ముందు కోడిగుడ్డు మాటెందుకని, ఆ విభూతికి మర్యాదిచ్చి మింగేసింది. ఆ మాటేనా ఇది. మూడు నెలలు ఏదో మోసం దాస్తోందని తను అనుకున్నది ఒక గుడ్డునా. లేదండి, చెప్పారు, మావీ తెల్లగానే ఉన్నాయి అంది శారదాంబ. తన నోట్లోంచి అబద్ధం అంత సాఫీగా వస్తుందని ఆమెకే తెలీదు. ఫ్రిజ్‌లో పెట్టమన్నారు, పెట్టింది. తీశాక వెచ్చబెట్టవద్దని ఎవరన్నారు? ఎవరూ అనలేదు. ఎందుకంటారు, ముక్కులో వేసే మందుని వేణ్ణీళ్ళలో పెట్టే మనుషులుంటారని వాళ్ళకెలా తెలుస్తుంది. చేపలవాళ్ళకి చలవ తెలుసు, వైద్యుడి కూతురికి వెచ్చన తెలుసు. నాన్నగారూ, మీ తైలం వేడికి చావదు, ఇది చస్తుందట. వెంట్రుకలో ఎనిమిది వందలట, రోజుకెన్ని లక్షల గుళికలో, కాపలా దాటించి లోపలికి పంపడానికి ఎవరో ఎక్కడో కళ్ళు కాయలు కాచేలా చుట్టిన గుళికలు, అన్నిటినీ పొద్దున్నే చెంబులో ఉడకబెట్టింది తను. చేతులారా. మణికట్టు మీద వేసి చూసుకుని మరీ. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మూడు నెలలు అందరినీ చూసింది, పాలవాణ్ణి, డాక్టరుని, ఆ పిల్లని, ఈ జ్ఞానమ్మని, ఒక్క తన చేతిని చూసుకోలేదు.

నీళ్ళే అయితేనో? ఆ ఆలోచన రాగానే శారదాంబ బల్ల అంచు పట్టుకుంది. అవును, నీళ్ళే అయి ఉండచ్చు కదా. సగంమందికి నీళ్ళే కదా. నీళ్ళని వెచ్చబెడితే ఏం పోయింది, నీళ్ళు నీళ్ళే. నాలుగు రోజులుగా ఎవరి ముఖాన కొట్టాలనుకుందో ఆ మోసమే ఇప్పుడు ఆమెకి కావాలి. తండ్రీ, వాళ్ళు ఆయనకి నీళ్ళే ఇచ్చి ఉండాలి. మోసం చేసి ఉండాలి. మందు జ్ఞానమ్మ మొగుడికే వెళ్ళి ఉండాలి, అతను పేరుపేరునా అందర్నీ గుర్తుపట్టాలి, మాకు మాత్రం ఉత్త నీళ్ళే పోసి ఉండాలి. డెబ్భై రెండేళ్ళలో ఏ దేవుణ్ణీ ఇలాంటి కోరిక కోరలేదు. కానీ చుక్క ఉందే. సీసా చేతికివ్వగానే సత్యశ్రీ చుక్క చూస్తుంది. చూస్తే కాగితం రాస్తుంది, రాస్తే ఆయన్ని తీసేస్తారు. ఇది పోతే ఇంక దారి లేదమ్మా. ఇకనించి చల్లగా వేస్తే చాలదా, మిగిలిన తొమ్మిది నెలలూ చల్లగా వేస్తే ఎంతో కొంత లోపలికి పోదా? ఆమె సంచీలోకి చెయ్యి పెట్టి, కవర్లో మూడో సీసా తడిమి, చుక్క ఉన్న మూల గోరుతో గీరింది. కాగితం అంచు లేచింది. వేణ్ణీళ్ళలో నాని నాని ఉంది గదా, అడగ్గానే ఊడి వచ్చేలా ఉంది. మూడు చుక్కలు. మూడు గోటిగీతలు చాలు. జ్ఞానమ్మ అటు తిరిగి మొగుడి భుజం మీద తువ్వాలు సర్దుతోంది.

తలుపు తెరుచుకుంది. సత్యశ్రీ ఆయన మోచెయ్యి పట్టుకుని నడిపించుకొస్తోంది, చేతిలో అట్ట, అట్ట మీద కాగితాలు. ఆయన ముఖం కళగా ఉంది, సభలో చెప్పి దిగి వస్తున్నప్పటి కళ. వరండాలో ముగ్గురినీ ఒకరి తరువాత ఒకరిని చూశారు. శారదాంబ మీద చూపు ఆగింది, దాటింది, మళ్ళీ వచ్చి ఆగింది. పేరు కోసం వెతుకుతున్నారని ఆమెకి తెలుస్తోంది. దొరకలేదు. దొరక్కపోయినా చెయ్యెత్తి చూపించారు.

"ఈవిడేనమ్మా నేను చెప్పింది. మందు వెచ్చబెట్టి వేస్తారు. చల్లటిది వేస్తే నాకు పడదని."

సత్యశ్రీ ముఖంలో నవ్వు సగంలో ఆగింది. "లోపలా ఇదే చెప్పేరండి అమ్మగారూ. మూడుసార్లు చెప్పేరు. మిగతావేం అడిగినా చెప్పలేకపోయేరండి ఈసారి, ఐదు మాటల్లో ఒక్కటీ రాలేదండి. ఇదొక్కటే చెప్పేరు. వెచ్చబెట్టడమేంటండి?"

గోటి కింద కాగితం ముక్క అంటుకుని ఉంది. శారదాంబ దాన్ని బొటనవేలితో నొక్కి మళ్ళీ సీసాకే అతికించింది. కవరు బయటికి తీసి, మూడు సీసాలూ చుక్కలు పైకి వచ్చేలా ఆ పిల్ల అట్ట మీద వరసగా పెట్టింది. చెంబు సంగతి చెప్పింది, నాన్నగారి సంగతి చెప్పింది, తొంభై రోజులనీ చెప్పింది. ఎక్కడా ఆగలేదు. సత్యశ్రీ ఒక్కొక్క సీసా వెలుతురులో పెట్టి చూసింది.

"కంపెనీకి రాయాలండి. ఉంచుతారో తీసేస్తారో నేను చెప్పలేనండి. నేనే సరిగ్గా చెప్పుండాల్సింది అమ్మగారూ, నాదీ తప్పుందండి."

"అది సరే అమ్మాయ్. ఒక్కటి చెప్పు. ఈయనవి నీళ్ళేనా? నీళ్ళేనని చెప్పు. నీకు పుణ్యముంటుంది."

సత్యశ్రీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకు తెలీదండి. ఒట్టండి. డాక్టరుగారికీ తెలీదండి."

ఆయన వచ్చి బల్ల మీద ఆమె పక్కన కూర్చున్నారు. ఆమె చెయ్యి చల్లబడిపోయి ఉంటే తన రెండు చేతుల మధ్యా పెట్టుకుని, ఎవరో పరాయివాళ్ళ పిల్లకి చలివేస్తోందనుకున్నట్టు, మెల్లగా రుద్దడం మొదలుపెట్టారు. శారదాంబ ఆ పిల్ల ముఖంలోకి ఇంకా చూస్తూనే ఉంది. ఆ ఆసుపత్రిలో ఒకరు చెప్పిన మాట ఆమె నమ్మడం అదే మొదటిసారి.